పక్క గదిలో సదస్సు

ఫ్రీలాన్స్ రచయితల కోసం రెండు రోజుల ఆన్‌లైన్ సదస్సు జరుగుతోందని తెలియగానే పేరు నమోదు చేసుకున్నాను. పులివెందులలో మా వంటగది పక్కన చిన్న బల్ల వేసుకుని, పత్రికలకూ వెబ్‌సైట్లకూ వ్యాసాలు రాయడం అప్పటికి ఏడెనిమిదేళ్లుగా నా పని. నాలాంటి పని చేసేవాళ్లను ఒక్కరిని కూడా ఎదురుగా చూసి ఎరగను. రాసింది పంపడం, జవాబు కోసం ఎదురుచూడటం, అంతే. అందుకే ఆ రెండు రోజుల్లో ఒక్క నిమిషం కూడా వదులుకోకూడదనుకున్నాను. ఎవరు ఎప్పుడు మాట్లాడతారో, నేనేం అడగాలో కాగితం మీద రాసుకున్నాను. దోసెల పిండి కూడా ముందే రుబ్బి పెట్టుకున్నాను.

చిక్కంతా ఆదివారం పదకొండు గంటల దగ్గర వచ్చింది. ఎడిటర్లకు వ్యాసం గురించి ఎలా రాసి పంపాలనేది ఒక సెషను. మనుషులతో మాట్లాడి వాళ్ల గురించి రాయడమెలా అనేది ఇంకొకటి. రెండూ ఒకే సమయానికి పెట్టారు. రికార్డింగులు ఇవ్వబోమని ముందే చెప్పేశారు.

ఈ సంగతి మా ఆయనకు చెప్పాను. ఆయన నా మేనత్త కొడుకు, జమ్మలమడుగు మనిషి. పెళ్లికి ముందూ, తర్వాతా నాకు బావే. తుమ్మలపల్లె గనిలో ఉద్యోగం.

"రెండోదాంట్లో నేను కూర్చుంటాలే," అన్నాడు అన్నం కలుపుకుంటూ. "ఆదివారం నాకు డ్యూటీ ల్యా."

"కూర్చుని ఏం చేస్తావు బావా?"

"వాళ్లు చెప్పేది రాస్తా. డ్యూటీలో లాగ్‌బుక్కు రాయడంల్యా? అట్లనే."

నిర్వాహకులకు మెయిలు పెట్టి అడిగితే, తప్పకుండా కూర్చోమనండి అని జవాబిచ్చారు.

ఆదివారం ఆయన తలస్నానం చేసి ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. కెమెరా ఆపుకోవచ్చని చెప్పినా వినలేదు. కొత్త నోటుబుక్కు తీసుకుని, పడగ్గదిలో ఫోనును దిండుకు ఆనించి కూర్చున్నాడు. నేను నా బల్ల దగ్గర ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. మధ్యలో ఒక గోడ.

ఓ ఇరవై నిమిషాలు సాఫీగానే గడిచింది. అంతలో గోడ అవతల నుంచి ఆయన గొంతు వినిపించింది. చెవిలోని ఇయర్‌ఫోను తీసేశాను. ఆ సెషనులో ఉన్నవాళ్లను ఐదేసి మందిగా చిన్న గుంపులు చేసి, ఒకరినొకరు పరిచయం చేసుకోమన్నారట. అలా ఉంటుందని నేను ఆయనకు చెప్పనేలేదు.

"నేను రాసేవాన్ని కాదు మేడమ్," అంటున్నాడు. "మా ఇంట్లో ఆమె రాస్తాది. పక్క రూములో ఇంకో మీటింగులో ఉంది. నేను గనిలో పని చేస్తాండా."

వెళ్లి ఫోను కట్టేద్దామా అనిపించింది. ఈలోగా ఫోను స్పీకరులోంచి ఒకావిడ గొంతు, "భలేవారండీ. ఆవిడ దేని గురించి రాస్తారు?" అని అడిగింది.

"శానా రాసింది మేడమ్. మైలవరం డ్యాములో చేపలు పట్టేటోళ్ల మీద రాసింది. జమ్మలమడుగులో మిషను కుట్టే ముసలాయన మీద రాసింది. అన్నీ బాగుంటాయి. ప్రొద్దుటూరులో మగ్గం వర్కు చేసే ఆమె మీద రాసింది మాత్రం ఎవురూ ఏసుకోల్యా. రెండుసార్లు ఎనక్కి వచ్చింది."

నేను రాసినవి ఆయన చదువుతాడని నాకు తెలియదు. ఇన్నేళ్లలో ఒక్కసారీ ఆ మాట అనలేదు. వెనక్కి వచ్చిన ఆ వ్యాసం కాగితాలు బీరువాలో చీరల కింద పెట్టాను. అవీ చదివాడన్నమాట.

"ఎందుకు వెనక్కి వచ్చిందంటారు?" అని అడిగిందావిడ.

"నాకు పెద్దగా తెలీదు గానీ మేడమ్, దాంట్లో ఆ యమ్మ మాట్లాడినట్ల ల్యా. నేనే బండి మీద తీస్కపోయినా ఈమెను వాళ్లింటికి. ఆ యమ్మ మాటలు నేనూ విన్యా. కాగితంలో చూస్తే టీవీలో వార్తలు చదివినట్ల మాట్లాడ్తాంది."

నా సెషనులో ఆ తర్వాత ఏం చెప్పారో ఒక్క ముక్క గుర్తులేదు.

మధ్యాహ్నం అన్నం వడ్డించి ఊరుకున్నాను. ఆయన రెండు ముద్దలు తిని తలెత్తాడు.

"ఏంది, అట్లుండావు?"

"నువ్వు చెప్పిందంతా విన్నా."

ఆయన ముఖం చిన్నబోయింది. "తప్పుగా అన్యానా?"

"నేను రాసినవి చదువుతావని ఎప్పుడూ చెప్పలేదే?"

"చెప్తే, ఎట్లుందో చెప్పమంటావు. నాకు చెప్పేకి రాదు."

"మరి వాళ్లకు చెప్పినావు?"

"వాళ్లెవురో నాకు తెలీదు గదా," అన్నాడు. "తెలీనోళ్లకు చెప్పడం సులువు."

అప్పుడు నేనొక సంగతి చెప్పాను. రాయడం మొదలుపెట్టిన కొత్తలో, ఒక వ్యాసంలో మనుషుల మాటల్ని మన యాసలోనే ఉంచి పంపితే, ఒక ఎడిటరు అవన్నీ దిద్ది, పాఠకులకు మోటుగా ఉంటుందని రాశాడు. ఆ రోజు నుంచి నేను రాసే ప్రతి మనిషి మాటల్నీ నేనే ముందుగా దిద్దేస్తూ వచ్చాను. ఇది ఎవరికీ చెప్పలేదు, ఆయనకు కూడా. ఆయన అన్నం తినడం ఆపి అంతా విన్నాడు. "ఆయప్ప చెప్తే మాత్రం వినాల్నా?" అన్నాడు చివరికి. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

సాయంత్రం ఆయన నోటుబుక్కు తెరిచాను. పదకొండు పది, మైకు సరిగా ల్యా. పదకొండు పన్నెండు, మైకు సరైంది. పాఠం చెప్పే మేడమ్ నీళ్లు తాగింది. ఎదుటి మనిషి చెప్పింది వెంటనే రాసుకోవాల, ఇంటికి పోయి రాస్తే మన మాటలైపోతాయి అంటాంది. ఆ వాక్యం కింద రెండు గీతలు గీశాడు. చివర ఒక మెయిలు చిరునామా ఉంది. ఆ గుంపులో ప్రశ్నలు అడిగినావిడ ఒక పత్రిక ఎడిటరట. ఆ వ్యాసం సరిచేశాక తనకు పంపమని చెప్పిందట.

తర్వాతి వారం ఇద్దరం బండి మీద ప్రొద్దుటూరు వెళ్లాం. మగ్గం వర్కు చేసే ఆమె మమ్మల్ని చూసి చాప పరిచింది. భర్త కువైట్‌లో డ్రైవరు. ఈమె ఇక్కడ పెళ్లి రవికెల మీద జరీ పువ్వులు కుడుతూ ఇద్దరు పిల్లల్ని చదివిస్తోంది. పాత వ్యాసం చదివి వినిపించాను. ఆమె సూది ఆపి విన్నది.

"బాగుందక్కా," అంది మర్యాదగా. మళ్లీ సూది అందుకుంటూ, "అది నేనేనా?" అంది.

మా ఆయన గడప దగ్గర కూర్చుని తల తిప్పుకున్నాడు. నవ్వుతున్నాడని భుజాలు చూస్తే తెలిసింది. నేను పుస్తకం తెరిచి, మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నాను. ఈసారి ఆమె ఏది ఎలా అంటే అలాగే రాసుకున్నాను. ఆమె మధ్యమధ్య కలిపే ఉర్దూ మాటలతో సహా.

కొత్తగా రాసింది పంపితే, ఆ ఎడిటరు రెండు చోట్ల తగ్గించమని అడిగి, వేసుకుంది. ప్రొద్దుటూరు ఆమె మాటల్లో ఒక్క అక్షరం ముట్టుకోలేదు. పత్రిక వచ్చిన నాలుగో రోజు మగ్గం వర్కు చేసే ఆమె ఫోను చేసింది. పేజీలు ఫోటో తీసి కువైట్‌కు పంపిందట. భర్త దాన్ని రూములో ఉన్న మనవాళ్లందరికీ గట్టిగా చదివి వినిపించాడట.

"నేనే ఎదురుగా మాట్లాడినట్లుందని సగంలో ఆపేసినాడంట అక్కా," అంది. "మిగిలింది ఇంకొకాయప్ప చదివినాడంట."