పట్టాల మీద బొరుగుల ఇసుక

నా చిన్నప్పుడు ఏడాదిలో సగం రోజులు నల్లమల అడవిలోనే గడిచేవి. నంద్యాల నుంచి గిద్దలూరుకు పోయే రైలుదారి ఆ అడవిని చీల్చుకుంటూ పోతుంది. ఆ దారిలో ఒక చిన్న స్టేషను, దానికి మైలు దూరంలో పట్టాల పక్కనే మా గుడిసెలు ఉండేవి. చెట్లు కొట్టడానికి గుర్తు పెట్టి ఇచ్చిన తావును కూపు అనేవాళ్ళు. కూపులో కొట్టిన టేకు, మద్ది మొద్దులను ఎద్దులతో స్టేషనుకు లాగించి వ్యాగన్ల మీదికి ఎక్కించడం మా నాయన పని. ఆ ఏడు మా అమ్మ చంటిబిడ్డతో ఆత్మకూరు దగ్గర మా ఊళ్ళోనే ఉండిపోయింది. తొమ్మిదేళ్ళ నన్ను చూసుకున్నది మా పెద్దమ్మ. ఆమె కూపు కూలీల కోసం బొరుగులు, శనగలు వేయించేది. రెండు పొయ్యిల మీద రెండు మట్టి మంగలాలు, వాటిలో కాగే సన్నని ఇసుక. ఆ ఇసుకను జల్లెడ పట్టడం నా పని. నాకది బొత్తిగా ఇష్టం ఉండేది కాదు.

చలి తగ్గి ఎండ ముదురుతున్న రోజులవి. అడవి అంతా ఆకు రాలుస్తోంది. ఆ కాలంలో వాన ఊసే ఉండదు. అలాంటిది ఒక పొద్దున ఉన్నట్టుండి జోరున కురిసింది. చివరి వ్యాగనుకు ఎక్కిస్తున్న పెద్ద మద్ది మొద్దు తడిసిన వాలుకర్రల మీద జారి, దొర్లుకుంటూ వచ్చి మా నాయన కాలి మీద పడింది.

కబురు అంది నేనూ పెద్దమ్మా స్టేషనుకు పరుగెత్తేసరికి నాయనను రైలు చివర ఉండే గార్డు పెట్టెలో పడుకోబెట్టారు. మోకాలి కింద కట్టిన గుడ్డ అప్పటికే ఎర్రగా తడిసిపోయింది. నంద్యాల ఆసుపత్రికి ఎంత తొందరగా చేరిస్తే అంత మంచిదని, ఆలస్యమైతే కాలి సంగతి చెప్పలేమని గార్డు అన్నాడు. మేమిద్దరం కూడా ఎక్కాము. రైలు కదిలింది.

స్టేషను దాటాక కొండ సొరంగం దాకా దారంతా ఎత్తుకు ఎక్కడమే. మా గుడిసెల దగ్గర మలుపు వచ్చేసరికి ఇంజను చప్పుడు మారింది. అంతవరకూ నిదానంగా రొప్పుతున్నది ఒక్కసారిగా గబగబా బుసకొట్టింది. చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి, రైలు ఆగిపోయింది. డ్రైవరు మళ్ళీ ప్రయత్నించాడు, మళ్ళీ అంతే.

డ్రైవరు నంద్యాల సాయబు, నెరిసిన గడ్డం మనిషి. దిగి పట్టా మీద వేలు రాసి చూసుకున్నాడు. మా పెద్దమ్మ నన్ను లాక్కుంటూ ఆయన దగ్గరికి పరుగెత్తింది.

"తడిసిన ఆకు నలిగి పట్టాలు నూనె పూసినట్టు ఉండాయమ్మా. చక్రాలు జారకుండా పట్టాల మీద రాల్చేదానికి ఇంజనులో ఇసుక పెట్టె ఉంటాది, దాంట్లోకి నీళ్ళు దిగి ఇసుకంతా ముద్దయింది. మీ మనిషేమో చివరి పెట్టెలో ఉన్నాడు, ఈ వ్యాగన్లన్నీ లాగితే గాని ఆయన్ను తీసుకపోలేను. పొడి ఇసుక రెండు మూటలుంటే ఎక్కిస్తా. ఈ వానలో యాడ తెచ్చేది?"

"ఇసుక నా కాడ ఉండాది అన్నా. నువ్వు ఆవిరి తగ్గకుండా చూసుకో," అంది పెద్దమ్మ.

గుడిసెలో ఉన్న పొడి ఇసుక ఒక మూటకు కూడా రాలేదు. కూలీలు వాగు నుంచి గంపలతో తడి ఇసుక తెచ్చి పోశారు. పెద్దమ్మ రెండు పొయ్యిలూ భగభగ మండించి మంగలాల్లో ఆ ఇసుక వేయించడం మొదలుపెట్టింది. నేను మూల కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాను. ఆమె నన్ను ఓదార్చలేదు. గరిటె తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఏడ్చేది మళ్ళీ ఏడుద్దువులే. ముందు కలబెట్టు."

కలబెట్టాను. ఇసుక నుంచి పొగలాగా ఆవిరి లేచింది, మెల్లగా రంగు తేలింది, గరిటెకు అంటుకోవడం మానింది. జల్లెడ పట్టాను. చేతులు చురుక్కుమంటున్నాయి, కళ్ళు మండుతున్నాయి, కానీ ఏడుపు ఎప్పుడు ఆగిందో నాకే తెలియలేదు. ఒక మూట నిండింది, రెండోది నిండింది. డ్రైవరు ఆ ఇసుక అరచేతిలో పోసుకుని, "మాకిచ్చేది గూడా ఇంత సన్నగుండదమ్మా," అన్నాడు.

ఇసుక పెట్టె నింపాక కూడా కొంత మిగిలింది. కూలీలు గోనెలతో పట్టాలు తుడుస్తూ ముందు నడిచారు. వాళ్ళ వెనక ఇద్దరు ఇసుకను గుప్పిళ్ళతో కుప్పలుగా వేయబోతే పెద్దమ్మ వాళ్ళను పక్కకు తప్పించింది. ఒక పట్టా ఆమె తీసుకుని, రెండోది నాకు చూపించింది. "ముగ్గు పోసినట్టు పొయ్యి. సన్నగా, తెగకుండా."

డ్రైవరు పైనుంచి ఒక మాట చెప్పాడు. కదిలితే మాత్రం సొరంగం దాటేదాకా ఆపలేనని, మీరిద్దరూ ఈడనే ఉండిపోవాలని. పెద్దమ్మ ఒక్క క్షణం గార్డు పెట్టె వైపు చూసి తల ఊపింది.

వంగి, వేళ్ళ సందుల్లోంచి ఇసుక జారవిడుస్తూ నేను ఒక పట్టా వెంట, ఆమె ఒక పట్టా వెంట మలుపు చివరిదాకా పోశాము. పక్కకు దూకి నిలబడ్డాము. ఇంజను ఒకసారి బుస్సుమంది. చక్రం జారింది. రెండోసారి మెల్లగా, చాలా మెల్లగా, చక్రం కింద ఇసుక కరకరమంటుండగా రైలు ముందుకు కదిలింది. కూలీలంతా కేకలు పెట్టారు. నేను పట్టాల పక్కనే పరుగెత్తాను. మొద్దుల వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి నన్ను దాటిపోయాయి. చివరి పెట్టెలో మా నాయన మోచేతి మీద లేచి మావైపు చూస్తున్నాడు. ఆయన కళ్ళల్లో నొప్పికన్నా ఆశ్చర్యమే ఎక్కువగా కనిపించింది.

కాసేపటికి కొండ అవతల నుంచి పొడుగ్గా కూత వినిపించింది. సొరంగం దాటారు. నేను గెంతుతూ వచ్చి చూస్తే పెద్దమ్మ బురదలో చతికిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఆమె ఏడవగా నేను అంతకుముందు చూడలేదు. రైలు పోయింది కదా, ఇప్పుడెందుకని అడిగాను.

"ఇప్పుడు తీరిక దొరికింది గదమ్మే," అంది.

నాయన కాలు దక్కింది. కొంచెం ఈడ్చి నడిచేవాడు గాని, మరుసటి ఏడు మళ్ళీ మొద్దుల దగ్గరే ఉన్నాడు.

పెద్దయ్యాక నేను కడపలో ఆసుపత్రి నర్సునయ్యాను. దెబ్బలు తగిలినవాళ్ళ వెంట ఏడుస్తూ వచ్చిన ఎంతోమందికి సెలైను సీసా పట్టుకోమనో, దీపం ఇటు చూపమనో ఏదో ఒక పని చెప్పేదాన్ని. నన్ను రాతిగుండె మనిషి అనుకున్నవాళ్ళూ లేకపోలేదు. కానీ అంతా అయ్యాక వాళ్ళు వరండాలో కూలబడి ఏడుస్తుంటే, ఊరుకోమని మాత్రం ఎవరికీ ఎన్నడూ చెప్పలేదు. వీలైతే పక్కన కూర్చునేదాన్ని.