అడుగు పెట్టని ఊరి గురించి పది వాక్యాలు

పెళ్ళయిన మూడో వారానికి మా ఆయన జర్మనీలో ఉద్యోగానికి తిరిగి వెళ్ళిపోయారు. నేనూ వెళ్ళాలంటే ముందు జర్మన్ పరీక్ష పాసవ్వాలట. తప్పితే మళ్ళీ పరీక్ష దాకా తిరువూరులో అత్తగారింట్లోనే ఉండాలి. భాష రాలేదని కాపురం ఆపేసే దేశం మీద నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా చదివాను.

నా చేత అప్పజెప్పించుకునే పని అత్తయ్యది. జర్మన్ ముక్కలన్నీ తెలుగు లిపిలో నోటుబుక్కులో రాసిచ్చాను. గోరుచిక్కుళ్ళకు ఈనెలు తీస్తూ వినేవారు. మా ఆయన ఉండే ఊరి మీద నేను రాసుకున్న పది వాక్యాలూ నాకంటే ముందు ఆవిడకే వచ్చేశాయి. చిన్న ఊరు. ఒక నది, ఒక చర్చి, రెండు బేకరీలు. ఆదివారం కొట్లన్నీ మూసేస్తారు.

"అన్నీ మూసేస్తే, చుట్టాలొస్తే ఎలాగమ్మా?" అని ఆవిడ దిగులు.

"చెప్పకుండా ఎవరూ రారంట అత్తయ్యా."

"అయితే అదీ ఒక ఊరేనా?"

మామయ్యగారు పేపరు చాటు నుంచి, "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ముందు పిల్లని పాసవ్వనివ్వు," అనేవారు.

పరీక్ష హైదరాబాదులో. ఎదురుగా కూర్చున్న మేడం జర్మన్‌లో పేరడిగారు, వయసడిగారు, చెప్పాను. "మీ ఊరేది?" అనగానే తడబడ్డాను. పుట్టిల్లు గంపలగూడెం, మెట్టినిల్లు తిరువూరు, మొగుడుండేది జర్మనీలో. పెళ్ళయిన ఆడదాని ఊరేదో మన భాషలోనే తేలదు. నోటికొచ్చిన మా ఆయన ఊరే చెప్పేసి, పది వాక్యాలూ గడగడా అప్పజెప్పాను.

మేడం నవ్వారు. "అక్కడే ఉంటున్నారా? మరి వీసా ఎందుకు?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. తిరువూరండీ అని దిద్దుకున్నాను. అయితే తిరువూరు గురించి చెప్పమన్నారు. ఒక్క వాక్యమూ సిద్ధంగా లేదు. ఆరు నెలలుగా ఆ ఊళ్ళో బస్సు కోసం నిలబడ్డట్టే బతికాను, సిగ్గేసింది. వచ్చిన నాలుగు మాటలే కూడగట్టుకున్నాను. "తిరువూరులో మా అత్తగారు ఉన్నారు. మంచావిడ. రోజూ నాతో జర్మన్ చదువుతారు."

పాసయ్యాను. ఫలితం వచ్చిన పూట అత్తయ్యకు జరిగిందంతా చెప్పాను. ఆ మూడు వాక్యాలూ జర్మన్‌లోనే రెండుసార్లు చెప్పించుకుని విన్నారు.

"ఆ ఊరికి పదీ, నాకు మూడేనా?" అని మూతి తిప్పారు. అంతలోనే కొంగుతో కళ్ళొత్తుకున్నారు. నాకూ ఏడుపొచ్చింది. పాసయ్యింది వెళ్ళిపోవడానికేనని ఇద్దరికీ అప్పుడే గుర్తొచ్చింది.