జంపఖానా మీద పసుపు పాదాలు

మా పక్కింటి ఆపా, నాకు అక్కలాంటిది, పోయింది. మొన్న శుక్రవారం పొద్దున ఆమె కోడలు గోడ అవతల నుంచి "చాచా, అత్తమ్మ లేస్త లేదు" అని కేక వేసింది. నేను వెళ్ళేసరికే అయిపోయింది. నలభై ఏళ్ళు ఒకే గోడకు అటూ ఇటూ బతికాము. నాకు పెద్ద చదువు లేదు. ఆమెకు నేను చెప్పిన ఒక అబద్ధం ఉంది, అది దాచకుండా రాస్తున్నాను.

ఆపా ఇంట్లో ఒక పెద్ద నీలం జంపఖానా ఉండేది. పెళ్ళైన ఏడు ఆమె భర్త తెచ్చింది. ఆయన పోయాక ఆయన గుర్తుగా అదే మిగిలింది. దాన్ని ఎవరి చేతికీ ఇవ్వకుండా తానే ఉతికేది. ముందు గోడ మీద బోర్లా వేసి కట్టెతో దులిపేది.

"ఆపా, దుమ్మంత మా అన్నంల పడుతున్నది!"

"నువ్వు తినేది ఉప్పులేని కూడు. జర రుచన్న వస్తది, తిను భాయ్!"

దుమ్ము పోకుండా నీళ్ళు పోస్తే బురదే మిగులుతుందని ఆమె మాట.

నా మనుమరాలిని తొట్లెలో వేసిన రోజు చుట్టాలు కూర్చోవడానికి ఆ జంపఖానా అడిగి తెచ్చాను. నేను మార్కెట్‌లో పసుపు బస్తాలు మోసే హమాలీని. ఆ రోజు ఆలస్యమై, కాళ్ళు కడగకుండానే దాని మీద నడిచాను. పసుపు అడుగులు పడ్డాయి. ముప్పై ఏళ్ళు పసుపు మోసినవాడికి ఒకరు చెప్పాలా అనుకొని, చుట్టాలు పోగానే బట్టల సబ్బు పెట్టి రుద్దాను. అడుగులు నెత్తురులా ఎర్రబడ్డాయి. రుద్దినకొద్దీ ఇంకా ఎరుపు. ఆమె మొగుడి గుర్తును పాడుచేశాను. అయినా మడిచి తీసుకెళ్ళి, "చుట్టాల పిల్లలు తొక్కిండ్రు ఆపా" అన్నాను.

ఆమె పరిచి జానతో కొలిచింది. "గీ పిల్లలకు గింత పాదాలున్నయా? బొటనవేలు గూడ నీ లెక్కనే పక్కకు తిరిగింది!"

గోడ అవతల నా భార్య పకపకా నవ్వింది. తప్పు నాదని మాత్రం నేను అనలేదు.

ఆపా తిట్టలేదు. సబ్బు పోయేదాకా నీళ్ళు పోసి, నిమ్మకాయ పిండింది. ఎరుపు మళ్ళీ పసుపైంది. ఇద్దరం మోసుకెళ్ళి మా గల్లీ వెనక గుట్ట బండ మీద పరిచాము.

"సబ్బును చూస్తే పసుపు పగబడతది, ఎండను చూస్తే పారిపోతది. మచ్చను దాస్తెనే పాతుకుంటది భాయ్."

తడుపుతూ ఎండబెడితే నాలుగో రోజుకు మరక లేదు.

మొన్న శుక్రవారం కబురు విని హమాలీలు మార్కెట్ నుంచి ఉన్నవాళ్ళు ఉన్నట్టే వచ్చారు. నేనూ రాత్రి పని నుంచి వచ్చిన పసుపు కాళ్ళతోనే ఉన్నాను. వాకిట్లో ఆ జంపఖానా మీదే కూర్చున్నాము. మూడో దినం అయ్యాక చూస్తే దాని నిండా పసుపు అడుగులు. కోడలు కళ్ళు తుడుచుకుంటూ సబ్బు తీసింది.

"సబ్బు ముట్టకు బిడ్డా!" అని అరిచాను.

బోర్లా వేసి దులిపాము, ఉత్త నీళ్ళతో కడిగాము, బండ మీదికి మోశాము. పరుస్తుంటే ఆమె అడిగింది: "గీ వంకర వేలు పాదం ఎవరిది చాచా?"

"నాదే బిడ్డా. మీ అత్తమ్మ ఉన్నప్పుడు పడ్డది గూడ నాదే."

ఆపాకు చెప్పని మాట అది. కోడలు ఏడుపులోనే నవ్వింది.

ఈ రోజు మధ్యాహ్నం తడపడానికి మళ్ళీ వెళ్ళాను. అడుగులన్నీ పోయాయి. నా బొటనవేలు ఒక్కటే, గోటి వెడల్పున, లేత పసుపుగా ఉంది. దాని మీద ఎండ దండిగా కాస్తోంది.