‘మాట ఇనదు’ అని రాసిన కాగితం

2023 జూలై 11, మంగళవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. సంగారెడ్డి దగ్గర ఒక బోధనాసుపత్రి, పిల్లల చెవి ముక్కు గొంతు ఓపీ. చిట్కుల్ నుంచి వచ్చిన ఐదేళ్ల అక్షిత కేసు కాగితం మీద ఉన్న వేళ అది.

పిల్లల ఈఎన్టీలో ప్రత్యేక శిక్షణకు వచ్చే డాక్టర్లకు నేను అక్కడ పాఠం చెప్తాను. పీజీ ముగించి వస్తారు కాబట్టి పెద్దవాళ్ల చెవులు చూడటం వాళ్లకు వచ్చు. పిల్లలు అలా కాదు. తమ బాధ తాము చెప్పరు, తెచ్చినవాళ్లు చెప్తారు. అందుకే మొదటి రోజే నియమం పెడతాను: వాళ్లు ఏ మాట అంటే ఆ మాటే రాయాలి.

డాక్టర్ హారిక అలాగే రాసింది. తల్లిదండ్రులిద్దరూ ఫ్యాక్టరీ షిఫ్టుల్లో ఉంటే పిల్లను నాయనమ్మ అంజమ్మ తీసుకొచ్చింది. జలుబు తగ్గట్లేదని, నోరు తెరిచి నిద్రపోతోందని చెప్పి, లేవబోతూ, మాట ఇనదు, ఉత్త మొండిది అని కూడా చేర్చింది. హారిక ఆ మాట రాసి పక్కన ‘బిహేవియర్’ అని, అంటే ఇది ప్రవర్తన సంగతి అని, గుర్తు పెట్టింది. చెవిలో గుబిలి అడ్డంగా ఉంది. పిల్ల ఏడుస్తోందని దాన్ని తీయడం వాయిదా వేసి, ముక్కులో చుక్కలు ఇచ్చి, రెండు వారాలకు రమ్మంది. వాళ్లు రాలేదు.

సెప్టెంబరు 26న వచ్చారు. సరిగ్గా పదకొండు వారాలు. ఈసారి నా ముందే కూర్చున్నారు.

“బళ్లె ఎన్క బెంచీల కూసోబెట్టిన్రు డాక్టరమ్మా. పిలిస్తె పల్కదట. ఇంట్ల గూడ గంతే.”

పిల్ల కళ్లు నా పెదవుల మీదే ఉన్నాయి. కేసు కాగితం నోటికి అడ్డం పెట్టుకుని, మెల్లగా, లడ్డు తింటవా అని అడిగాను. కదల్లేదు. కాగితం తీసి అంతే మెల్లగా మళ్లీ అడిగాను. నవ్వి చెయ్యి చాచింది.

“అంజమ్మా, పిల్ల ఇనదా, ఇనబడదా?”

“రెండిటికి ఫరక్ ఏముందమ్మా? పిలిస్తె పల్కదు, గంతే గద.”

గుబిలి తీసి టింపనోమెట్రీ చేయించాం. కర్ణభేరి కదులుతోందో లేదో గాలి ఒత్తిడితో చూసే పరీక్ష అది. గీత కొండలా లేవాలి. రెండు చెవులకూ చదునుగా వచ్చింది. గ్లూ ఇయర్. ముక్కు వెనక అడినాయిడ్ అనే కండ పెరిగి, కర్ణభేరి వెనక జిగట నీరు చేరింది. నీళ్లలో మునిగి వింటున్నట్టు ఉంటుంది పిల్లకు.

ఇది చెప్పగానే అంజమ్మ తన కుడి అరచేతిని చూసుకుంది.

“అప్పుడు వచ్చిపోయినంక ఆరుసార్లు కొట్టిన. ఎందుకు కొడ్తున్ననో గూడ దానికి ఇనబడలే.”

వాళ్లు వెళ్లాక హారిక తప్పు తనదేనంది. జూలై కాగితం ఆమె ముందు పెట్టాను.

“కింద సంతకం ఎవరిది?”

“మీదే మేడమ్.”

“మరి నా వాటా నాకియ్యి. అంతా నువ్వే తింటావా?”

ఆమె కళ్లు తుడుచుకుని నవ్వింది. హారికది రాజమండ్రి. నేను ఈ పక్కనే రుద్రారంలో పుట్టి, వినకపోయినా వినబడకపోయినా ‘ఇనదు’ అనే మనుషుల మధ్యనే పెరిగినదాన్ని. అది చదివి కూడా సంతకం పెట్టాను.

అక్టోబరు రెండో వారంలో అడినాయిడ్ తీసి, రెండు చెవుల్లో గ్రోమెట్లు, అంటే లోపలికి గాలి ఆడించే చిన్న గొట్టాలు, హారికే వేసింది. నేను పక్కన నిలబడ్డాను. తర్వాత చూపించడానికి వచ్చినప్పుడు అంజమ్మ అలవాటు కొద్దీ గట్టిగా పిలిచింది. పిల్ల చెవులు మూసుకుంది.

“ఎందుకట్ల ఒర్లుతున్నవ్ నాయనమ్మా? ఇనబడ్తుంది గద.”

ఓపీలో అందరికంటే ముందు నవ్వింది అంజమ్మే.

నా నియమానికి ఇప్పుడు రెండో సగం ఉంది: మాట రాశాక, దాని అర్థం అన్నవాళ్లనే అడగాలి.

జూలైలోనే పట్టుకున్నా, పిల్లకు సరిగా వినబడదని బడికీ ఇంటికీ చెప్పి, మూడు నెలలు ఆగి చూసేవాళ్లమే. చాలామంది పిల్లల్లో ఇది దానంతటదే తగ్గుతుంది. కాబట్టి ఆపరేషన్ ఆలస్యం కాలేదు. వినికిడి పోలేదు. పోయినవి ఇవి: పదకొండు వారాల పాఠాలు, ముందు బెంచీలో చోటు, నాయనమ్మ చేతి మీద పిల్లకున్న నమ్మకం, ఆరుసార్లు.