నీళ్ల కింద ఒక చోటు

ఉదయం ఐదు గంటల పది నిమిషాలకు పాలతను గేటుకు సంచి తగిలించి పోయాడు. రెండు ప్యాకెట్లు వద్దు, ఒకటి చాలని నవంబరు నుంచి అతనికి చెప్పాలనుకుంటూనే ఉన్నాను. రెండూ ఫ్రిజ్‌లో పెట్టి, ఇంటికి తాళం వేసి, కర్నూలు బస్టాండుకు ఆటో ఎక్కాను. అది ఈస్టర్ మరునాడు, సోమవారం.

ఈ ప్రయాణం ఎందుకో ముందే చెప్పాలి. మా ఆయన ప్రకాశం పుట్టిన ఊరు శ్రీశైలం డ్యాం నీళ్లలో మునిగిపోయింది. చర్చి, దాని వెనకున్న సమాధులు, అందులో మా అత్తగారి సమాధి, అన్నీ మునిగాయి. ఈస్టర్ తెల్లవారుజామున మావాళ్లు సమాధులకు సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. సమాధులు నీళ్ల కింద ఉన్నవాళ్లు ఏం చేయగలరు? ఆ ఊరి కుటుంబాలు కొన్ని చీకట్లోనే నల్లమల అంచున ఉన్న గుట్ట ఎక్కి, కృష్ణ నీళ్లు కనిపించే చోట నిలబడి, తమ వాళ్లున్న వైపు తిరిగి ప్రార్థన చేసుకునేవి. ఏటేటా వచ్చేవాళ్లు తగ్గి, చివరికి ముగ్గురం మిగిలాం. ప్రకాశం, వాళ్లక్క రూతమ్మ వదిన, నేను.

సమాధి సరిగ్గా ఎక్కడ అన్నదాని మీద ఆ అక్కాతమ్ముళ్లకు ఎప్పుడూ కుదరలేదు. నీళ్ల మధ్య ఒక తిప్ప పైకి తేలి కనిపిస్తుంది. దానికి ఇవతల అని వదిన, అవతల, పాత వాన వంక, అంటే వాగు, పారిన వైపు అని ఈయన. తల్లి పోయేనాటికి వదినకు పద్నాలుగేళ్లు, ఈయనకు తొమ్మిది. ఆ ఏడే ఇద్దరినీ బంధువుల ఊరికి పంపేశారు, ఊరు మునిగేదాకా మళ్లీ అటు పోలేదు. గుట్ట ఎక్కుతున్నంతసేపూ ఇదే గొడవ. "నిక్కరు జారకుండా పట్టుకునేది రాదు నీకప్పుడు. నీకేం గుర్తుంటాది?" అని ఆమె. "నువ్వు కండ్లు మూసుకుని ఏడుస్తాంటివి. నీకేం కనపడింటాది?" అని ఈయన. ఒక కరువు సంవత్సరం నీళ్లు బాగా తగ్గితే ఇద్దరూ కిందికి దిగి చూశారు. మోకాలి లోతు ఒండ్రు తప్ప ఏమీ కనిపించలేదు. బురద కాళ్లతో పైకొచ్చి మళ్లీ మొదలుపెట్టారు. చివరికి ప్రతి ఏడూ ఆమె ఒక వైపు, ఈయన ఒక వైపు తిరిగి ప్రార్థన చేసేవారు. నేను మధ్యలో నిలబడి తల వంచుకునేదాన్ని.

నవంబరులో ఈయన చనిపోయారు. ఈ ఈస్టర్‌కు కర్నూలులో ఆయన సమాధి దగ్గరే కొవ్వొత్తి వెలిగించాను. వదినకు డెబ్బై దాటాయి. ఆమె ఉండగానే ఆ చోటు తేల్చుకోవాలని, తేలితే రేపు మా అమ్మాయికి వేలు పెట్టి చూపించవచ్చని, మరునాడు బయలుదేరాను.

ఆరింటికి ఆత్మకూరు బస్సు కదిలింది. ఆడవాళ్లకు ఛార్జీ లేదు. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు ఇస్తాడు, కాబట్టి కార్డు మరిచిపోవద్దు. పక్క సీట్లో మిరపకాయలు తెంపడానికి పోతున్న ఒకామె కూర్చుంది. ఎక్కడికని అడిగితే కొండ ఎక్కడానికన్నాను.

"ఎక్కితే కూలి ఇస్తారా?"

ఇవ్వరన్నాను. "మల్ల ఎందుకెక్కేది?" అని ఆమె నన్ను జాలిగా చూసింది. జవాబు ఎక్కడ మొదలుపెట్టాలా అని ఆలోచిస్తుండగానే నందికొట్కూరు వచ్చింది. ఆమె దిగిపోయింది.

ఎనిమిదింపావుకు ఆత్మకూరు చేరాం. వదిన బస్టాండు బయట టిఫిన్ బండి దగ్గర నిలబడి ఉంది. నన్ను చూడగానే నా చెయ్యి పట్టుకుని, బండి అతనితో రెండు ప్లేట్ల ఉగ్గాని, బజ్జీలు పెట్టమంది. బజ్జీ కారంగా ఉంది. ఇద్దరం కళ్లు తుడుచుకోవడానికి అది పనికొచ్చింది.

అక్కడి నుంచి కొత్తపల్లి వైపు ఆటో మాట్లాడుకున్నాం. పల్లె బస్సు ఉంది గానీ మధ్యాహ్నం తిరిగి రావడానికి దొరకదు. రానూపోనూ ఆటో మాట్లాడుకోవడమే నయం. తొమ్మిదిన్నర దాటాక అడవి మొదట్లో గేటు దగ్గర దిగాం. ఇప్పుడు అక్కడ టికెట్టు పెట్టారు. తోడు మనిషి లేకుండా పంపరు. ఆరింటికి ముందు ఎవరినీ వదలరు. ఎలుగుబంట్లు తిరిగే వేళ కనుక అది సరైన నియమమే. ఇన్నేళ్లు చీకట్లో ఒక్క టార్చిలైటుతో ఎలా ఎక్కామో తలచుకుంటే ఇప్పుడు భయం వేస్తుంది.

మాకు తోడు వచ్చినతను లింగయ్య, కింది చెంచుగూడెం మనిషి. నంద్యాలలో భూముల సర్వే ఆఫీసులో పనిచేసే శ్రీనివాసులు అనే అతను కూడా, సెలవు పెట్టి ఒక్కడే వచ్చానని చెప్పి మాతో కలిశాడు.

దారి తేలికైనది. మొదటి అరగంట మెల్లగా ఎత్తు పెరుగుతుంది. రాళ్లు వదులుగా ఉన్న రెండు మూడు చోట్ల జాగ్రత్తగా నడిస్తే చాలు. ఆ తర్వాత గుట్ట వీపు మీద దాదాపు సమంగా సాగుతుంది. ఏప్రిల్ కనుక చెట్లకు ఆకు లేదు. నల్లమద్ది మొద్దులు మొసలి తోలులా పగిలి ఉన్నాయి. నీడ తక్కువ. టోపీయో కొంగో తల మీద ఉండాలి. మనిషికి రెండు సీసాల నీళ్లు తీసుకుపోవాలి. పైన ఎక్కడా నీళ్లు లేవు. లింగయ్య తునికి పండ్లు నాలుగు కోసి మా చేతుల్లో పెట్టాడు.

మొదటి మలుపు దగ్గర అతను వదినను పరీక్షగా చూసి, మీరు ఈస్టర్‌కు వచ్చేవాళ్లు కదా అన్నాడు. "మీ తమ్ముడు రాల్యాదామ్మా? తెల్లారక ముందే మీ ఇద్దరి అరుపులు మా గూడెం దాకా వినపడతాండె. కొట్టుకుంటాండారేమో అనుకుంటాంటిమి."

"రాల్యాదప్పా," అంది వదిన.

ఆ దారిలో ఆమె మాట్లాడకుండా నడవడం నేను అదే మొదటిసారి చూశాను. కాళ్లు నొప్పా అని అడిగితే లేదంది. కూర్చుందామా అంటే వద్దంది. చెప్పుల కింద ఎండుటాకుల చప్పుడు, అక్కడక్కడ కొండముచ్చుల దగ్గు తప్ప ఏమీ వినిపించలేదు.

పదిన్నరకు మొదటి చూపు దొరికే బండ వచ్చింది. అక్కడ చెట్లు తప్పుకుని దక్షిణం వైపు నేల అంతా కనిపిస్తుంది. ఎర్ర చేలు, కళ్లాల్లో ఆరబోసిన మిరపకాయలు, ఆత్మకూరు రోడ్డు. ఫోటోలు తీసుకునేవాళ్లు ఇక్కడే ఎక్కువ సేపు ఆగుతారు. మేం ఆగలేదు. ఇంకో ఇరవై నిమిషాలకు రెండో చోటు వచ్చింది. ఉత్తరం వైపు నేల ఒక్కసారిగా తగ్గిపోయి, కింద నీళ్లు. ఈ ఏడు నీళ్లు మధ్యస్థంగా ఉన్నాయి. తిప్ప స్పష్టంగా కనిపించింది.

వదిన నీళ్లను చూస్తూ నిలబడింది. మేం ఎందుకు వచ్చామో శ్రీనివాసులుకు నేను చెప్పాను. అతను మంచి మనిషి. వెంటనే ఫోన్ తీశాడు. ఆ ఎత్తులో సిగ్నల్ బాగానే ఉంది. ఆకాశం నుంచి తీసిన పాత బొమ్మలు కూడా అందులో ఉంటాయని, నీళ్లు ఎండిన ఏడాదిది దొరికితే తేలిపోతుందని అన్నాడు. కాసేపు వెతికి, రెండు వేళ్లతో బొమ్మను పెద్దది చేశాడు.

"ఇదిగో తిప్ప. దీని పక్కన గోడ పునాది మాదిరి గీత ఉండాది. ఇది చర్చేనంటే సమాధులు ఏ పక్కనో చెప్పేస్తా. ఒక్క నిమిషం."

నేను ఫోన్ మీదికి వంగాను. నేను వచ్చింది దీనికే.

వదిన చెయ్యి చాపి ఫోన్ మీద పెట్టింది. "వద్దప్పా."

అతను అర్థంకాక నా వైపు చూశాడు. తెలిస్తే మంచిదే కదా వదినా, ఇన్నేళ్ల గొడవ తీరిపోతుంది అన్నాను. ఆమె బండ మీద కూర్చుని కొంగుతో మెడ తుడుచుకుంది.

"వాడుంటే చూసేదాన్ని. నాది తప్పయితే వాడు ఎగతాళి చేస్తాడు, పడతా. వాడిది తప్పని తేలితే? ఇప్పుడు వాడు యాడనుంచి వచ్చి బదులు చెప్పల్ల? వాడు ల్యాకుండా తేల్చేది నాకొద్దు."

శ్రీనివాసులు ఫోన్ జేబులో పెట్టుకుని, లింగయ్యతో కలిసి కొంచెం దూరం పోయి కూర్చున్నాడు. అతను పిలిచి చెప్పి ఉంటే నేను వినేదాన్నే. అతను పిలవలేదు. నేను అడగలేదు.

వదిన లేచి ఎప్పటిలాగే తిప్పకు ఇవతలి వైపు తిరిగి కళ్లు మూసుకుంది. పెళ్లయినప్పటి నుంచి నేను ఆ ఇద్దరి మధ్యే నిలబడ్డాను. ఆ రోజు ఆయన నిలబడే చోటు ఖాళీగా ఉంది. నాలుగడుగులు నడిచి అక్కడ నిలబడి, ఆయన తిరిగే వైపు తిరిగాను. ప్రార్థన చిన్నదే. కళ్లు తెరిచేసరికి వదిన నన్నే చూస్తోంది.

"ఏమ్మే సుగుణా, అటు తిరిగినావు?"

"ఆయన అటే కదా వదినా తిరిగేది."

"ఇన్నేండ్లు నడుమ నిలబడి, ఇప్పుడు వాడి పక్క పోయినావా?" ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "వంక పక్కన మనిషిని పెడతారా యాడన్నా? వానొస్తే కొట్టుకపోదా?"

ఆయన చెప్పేది నాకు మాటకు మాట తెలుసు. వంక పక్కన మన్ను మెత్తగా ఉంటుందని, తవ్వడం సులువని అన్నాను.

"తవ్వేది వానికి తెలుసునా? పుట్టి బుద్దెరిగి పార పట్టినోడా వాడు?"

ఆమె గొంతు పెరిగింది. లింగయ్య తల తిప్పి చూసి నవ్వుకున్నాడు. బండ మీదే కూర్చుని ఆమె తెచ్చిన జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి నలుగురం తిన్నాం. దిగుతున్నంతసేపూ ఆమె వాదిస్తూనే ఉంది. ఆయన జవాబులు నేను చెబుతూ వచ్చాను. కొన్నింటికి ఆయన జవాబు గుర్తురాక నాకు తోచింది చెప్పాను. అవి మాత్రం ఆమె వెంటనే పట్టేసింది. వాడు అట్ల అనడు, ఇది నీ మాట అంది. ఒకచోట ఆగి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మళ్లీ నడిచాం.

ఒంటిగంటకు గేటు దగ్గర ఆటో ఎక్కాం. మూడున్నరకు ఆత్మకూరులో కర్నూలు బస్సు దొరికింది. వదిన కిటికీ దగ్గరకు వచ్చి, ఆ వంక సంగతి వచ్చే ఏడుకు బాగా ఆలోచించుకుని రమ్మని చెప్పి, బస్సు కదలక ముందే వెళ్లిపోయింది.

ఆ గుట్ట ఎవరైనా ఎక్కవచ్చు. పెద్దవాళ్లను కూడా తీసుకుపోవచ్చు. ఎండ ముదరక ముందే వెళితే రెండు చోట్లా నిదానంగా కూర్చోవచ్చు. రెండో చోట కింద కనిపించేది అందమైన నీళ్లే. వాటి కింద ఊళ్లు ఉన్నాయని తెలిసి చూడటం మంచిదని మాత్రం నాకు అనిపిస్తుంది.

నందికొట్కూరు దాటాక మా అమ్మాయి ఫోన్ చేసి, తేలిందా అమ్మా అని అడిగింది. తేలలేదని చెప్పి, ఎందుకో కూడా చెప్పాను. తను, అత్త చెప్పేది ఏ పక్క, నాన్న చెప్పేది ఏ పక్క అని రెండూ అడిగి తెలుసుకుంది. ఆ రెండింటిలో ఏది నిజమో కనుక్కునే ప్రయత్నం ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ చేయడం లేదు.