అడుగు లేని గని

గిద్దలూరులో ఉపాధ్యాయులకు కాంతి గురించి ఉపన్యాసమిచ్చాను. అణువుల గుంపు కాంతితో కలిసే లెక్కలో, కాంతి తనమీద తాను మోపే భారాన్ని వదిలేస్తే శక్తికి అడుగుండదు, అనంతంగా దిగిపోతూనే ఉంటుంది. దాన్ని కలుపుకుంటే అడుగు దొరుకుతుంది అన్నాను. వెనక బెంచీ పెద్దమనిషి లేచి, "అనంతం దేవుడి సొత్తు నాయనా. మార్కాపురం పక్కన అడుగు లేని పలకల గని ఉండాది, పోయి చూడు" అన్నాడు. లెక్క తప్పినచోటల్లా దేవుణ్ణి కూర్చోబెట్టే రోగం కొత్త రాష్ట్రం వచ్చినా వదల్లేదు. మర్నాడే బయల్దేరాను.

పొద్దుటి పాసింజరెక్కితే ఎండ ముదిరేలోపు మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగవచ్చు. అక్కణ్ణుంచి తర్లుపాడు దారిలో గని దాకా జట్కాకు రూపాయి. పలక చెత్త గుట్టల దగ్గర గుర్రం ఆగిపోయింది. "దానికి భయం సామీ" అన్నాడు జట్కావాడు. "మరి నీకో?" "నన్ను చూసే నేర్చుకున్యాది!"

ఇరుకు గని. నల్లటి గోడలు. లోతున నీళ్లున్నా ఆకాశం వాటిలో కనబడలేదు. మాట్లాడితే మన మాట ఆలస్యంగా, వేరే ఎవరిదో అయినట్టు తిరిగొచ్చింది. అంచుకు కాస్త ఎడంగా సుబ్బమ్మ అనే ఆమె కూర్చుని ఉంది. ఆమె భర్త కొన్నాళ్ల కిందట ఇక్కడే పలకలు తీస్తూ జారిపడ్డాడు. అడుగు లేనిచోట వెదకడం దండగని యజమాని తేల్చేశాడట.

"కపిల మోకు ఇడిసినారు సామీ. ఎంత ఇడిసినా చేతిని లాగతానే ఉండాది. అడుగుంటే సడలదా?"

లాగింది అడుగు లేక కాదు. బావిలో నీళ్లు తోడే ఆ లావు తాడు తన బరువుతో తానే లాగింది. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. జట్కాలోని సన్న పురికొసకు గుర్రాన్ని కట్టే ఇనప మేకు కట్టి వదిలాను. జారింది, జారింది, ఉన్నట్టుండి సడలింది.

"ఓస్, ఇంతేనా! మా బావికన్నా రవ్వంత లోతు" అన్నాడు జట్కావాడు.

గెలిచానని నేను నవ్వబోయాను. సుబ్బమ్మ నా చేతిలోని పురికొస తీసుకుంది. బిగించింది, సడలించింది, మళ్లీ బిగించింది.

"ఇంత దగ్గర్లోనే ఉండాడా? రోజూ ఈడనే కూకోనుండా గదా. పిలిస్తే ఇనపడేంత దగ్గర."

వంగి పేరు పెట్టి పిలిచింది. పిలుపు తిరిగి రావడానికి పట్టిన ఆ కాసేపూ మేం ముగ్గురం ఊపిరి బిగపట్టాం.

తర్వాత తడిసిన పురికొసను చేతికి చుట్టుకుని పక్క గనుల్లోకి నడిచింది. ఆ మధ్యాహ్నం అక్కడి కూలీలంతా పని ఆపి గునపాలు కింద పెట్టారు. మర్నాడు యజమానే మనుషుల్ని దింపి ఆమె భర్త శవాన్ని పైకి తీయించాడు.

అడుగు లేదన్న మాట ఎవరికి లాభమో ముందు అడగాలి. సిద్ధాంతంలో అది సోమరికి లాభం, గనిలో యజమానికి. నా లెక్క సరైనదే. కానీ అడుగు దొరికాక ఏం కనబడుతుందో ఆ లెక్క చెప్పదు.

వెళ్లేవారికి ఒక్క సూచన: అంచున నిలబడకండి. పలక చెత్త చప్పుడు లేకుండా జారుతుంది, జారినవాడికి అడుగు లేదని చెప్పడానికి పైన మనుషులు సిద్ధంగా ఉంటారు.