వెయ్యి అడుగుల ఆట

ప్రసూన రాయదుర్గంలో జీన్స్ కుట్టే ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. కొత్తగా చేరినవాళ్లకు జిప్పు ఎలా వేయాలో, సూది విరిగితే ఏం చేయాలో పవర్‌పాయింట్‌లో బొమ్మలు పేర్చి చూపించడం ఆమె పని. ఆ పనిలోనే ఒకరోజు ఒక సంగతి కనిపెట్టింది. బొమ్మ మీద ఒక పెట్టె గీసి, అది నొక్కితే ఏ బొమ్మకు పోవాలో మనమే చెప్పొచ్చు. అంటే కథకు దారులు వేయొచ్చు. ఆటలు చేయడానికి వేరే సాఫ్ట్‌వేర్లు ఉంటాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఉన్నదాంతోనే బస్సు తప్పిపోయిన పిల్ల కథ, సూపర్‌వైజరుకు ఎదురుచెప్పే కథ కట్టింది. మధ్యాహ్నం సద్ది తిన్నాక ఆడవాళ్లు మూగి, అది నొక్కు, ఇది నొక్కు అని ఒకటే గోల.

ఇంతలో ఇంట్లో వాళ్ల నాయన తిప్పయ్యకు మళ్లీ బోరు పిచ్చి పట్టింది. చేన్లో మూడు బోర్లు వేసి మూడింట్లోనూ దుమ్ము చూసిన మనిషి, ఈసారి గొర్రెలమ్మి నాలుగోది వేస్తానంటాడు. ఇల్లు గడుస్తున్నదే ఆ గొర్రెల మీద. ఆయనకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. సరే, ఆటతో చెబుదామనుకుంది ప్రసూన. తన తెలివి మీద ఆమెకు బాగానే నమ్మకం.

ఆటలో చేను తమదే. చింతచెట్టు కిందా, బండ పక్కనా, పుట్ట దగ్గరా? చోటు ఎంచుకోగానే భూమిలో నీళ్లు ఎక్కడున్నాయో చూసేవాడి అరచేతిలో టెంకాయ, ఇక్కడే ఉన్నాయన్నట్టు, నిక్కి నిలబడుతుంది. ఆపైన వంద అడుగులకొకసారి రెండు పెట్టెలు: ‘ఆపు’, ‘ఇంకా దించు’. ఆపితే గొర్రెలు మిగులుతాయి. దించుకుంటూ పోతే చివరికి దుమ్ము. దుమ్ము కింద ‘వెనక్కి’ అని ఇంకో పెట్టె.

ఫ్యాక్టరీలో నాగలక్ష్మమ్మ ఆడి చూసి మొహం చిట్లించింది. "ఏమ్మే, యాడ నొక్కినా దుమ్మేనా? గెలుపు లేని ఆట ఎవరాడతారు?"

నిజమే కదా అని ప్రసూన ఒక్క నీళ్ల బొమ్మ పెట్టింది, పుట్ట దగ్గర, వెయ్యి అడుగుల లోతులో. అంతదాకా ఎవరు పోతారు? ఫ్యాక్టరీలో ఆడినవాళ్లంతా ఆరొందలకే భయపడి ‘ఆపు’ నొక్కారు.

ఆదివారం పొద్దున ఆటను ఫోన్లోకి ఎక్కించి నాయన చేతిలో పెట్టింది. చింతచెట్టు కింద దుమ్ము. వెనక్కి. బండ పక్కన దుమ్ము. వెనక్కి. ‘ఆపు’ను ఆయన ఒక్కసారి కూడా ముట్టలేదు. ఎవరికోసం ఆట కట్టానో ఆ మనిషినే మరిచిపోయానని ప్రసూనకు అప్పుడు తెలిసింది. పుట్ట దగ్గర వెయ్యి అడుగులకు నీళ్లు ఎగజిమ్మాయి.

"చూస్తివా, పుట్ట కాడ ఉండాది!"

"నాయనా, అది ఊరికే పెట్టినా. నాగలక్ష్మమ్మ అడిగిందని పెట్టినా."

"అంత చేనుండగా నీ చెయ్యి ఆడికే ఎందుకు పోయిందమ్మా? ఊరికే పోతాదా?"

మధ్యాహ్నానికి ఆమె నీళ్ల బొమ్మ తీసేసింది. అప్పటికే తిప్పయ్య గొర్రెలకు బేరం కుదిర్చేశాడు.

వారం తిరగకముందే బోరు లారీ పుట్ట దగ్గర నిలబడింది. ఆరొందల దగ్గర లారీ మనిషి ఆగి, ఇంకా దించాలా అని అడిగాడు. "ఆపండి" అని ప్రసూన అరిచింది. తిప్పయ్య దించమన్నాడు. వెయ్యి అడుగులు అయ్యేసరికి చేనంతా పిండి చల్లినట్టు తెల్లబడింది. చుక్క నీరు లేదు.

లారీ వెళ్లాక తిప్పయ్య ఖాళీ దొడ్డి ముందు కూర్చున్నాడు, మీసాల నిండా దుమ్ముతో.

"ఇప్పుడు వెనక్కి యాడ నొక్కల్ల పాపా?"

ప్రసూన ఇప్పటికీ ఆటలు కడుతూనే ఉంది. వాటిల్లో ‘వెనక్కి’ అనే పెట్టె మాత్రం పెట్టదు.